మురుగు మాకు, నీళ్ళు మీకా?

(మహానంది దగ్గర జరిగిన దళిత కార్యకర్తల శిక్షణ తరగతుల్లో ఒక ఉపాధ్యాయ మిత్రుడు చేసిన ప్రసంగ పాఠం ఇది. మాట్లాడిన తీరును పెద్దగా మార్చకుండా అచ్చు వేస్తున్నాం.)

 

ఈ పొద్దు మేము మురుగు నీళ్ళ గురించి మాట్లాడతాం. పొద్దున ఒక తమ్ముడు "ఏం సార్, భూమి గురించి చెప్తారనుకుంటే మోరీల గురించి చెప్తారా?" అని నవ్వినాడు. తమ్ముడూ, మేము చెప్పబోయేది భూమి గురించే. మన సీమలో నీళ్ళు లేని భూమి పట్టా కాగితం మాత్రమే. కృష్ణా నీళ్ళ కోసం పంచాయితీ ఏండ్ల తరబడి నడుస్తానే ఉంది. ఇంకో పక్క పట్నాల మోరీల్లోంచి దినామూ కోట్ల లీటర్ల నీళ్ళు పారిపోతున్నాయి. వాటిని శుద్ధి చేసి మళ్ళీ వాడుకోవాలని ప్రభుత్వాలు ఇప్పుడు మాట్లాడుతున్నాయి. ఆ నీళ్ళు ఎవరి పొలానికి పోవాలనే తగాదా మన జిల్లాలో ఇంకా మొదలు కాలేదు. మొదలు కాకముందే మనం మేలుకోవాలని ఈ మాట ఎత్తినాం.

తేట నీళ్ళు, వాడిన నీళ్ళు

మనం కూర్చున్న ఈ మహానందిని చూడండి. నల్లమల కొండ కింద ఊట. ఎండాకాలంలో కూడా నీళ్ళు ఆగవు. కోనేట్లో రూపాయి బిళ్ళ వేస్తే అడుగున కనపడుతుంది. గుండాలు దాటిన నీళ్ళు కాల్వల్లో పడి అరటి తోటలకూ వరిమళ్ళకూ పోతాయి. ఇదంతా మహిమ అనేవాళ్ళు అంటారు. మేము బళ్ళో పిల్లలకు చెప్పేది వేరే. కొండమీద పడిన వాన మట్టిలోకీ రాతి చీలికల్లోకీ ఇంకుతుంది. నేల దాన్ని వడగట్టి కింద ఊటగా పైకి పంపుతుంది. అంటే శుద్ధి చేసే పని నేలది. ఆ నేల ఎవరి కులమూ అడగదు. మనుషులే అడిగినారు. ఈ జిల్లా అప్పట్లో మద్రాసు రాష్ట్రంలో ఉండేది. మద్రాసు ఆలయ ప్రవేశ చట్టం 1947లో వచ్చింది. అంతకు ముందు మన తాతలు ఈ గుండాల దగ్గరికి రాగలిగినారా, వచ్చినోళ్ళను ఏం చేసినారు అనేది మీ మీ ఊళ్ళలో ముసలోళ్ళను అడిగి రాసి పెట్టుకోండి.

తేట నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తాయని అందరూ అడుగుతారు. ఆ ఊటకు కథలున్నాయి, పాటలున్నాయి. వాడిన నీళ్ళు యాడికి పోతాయని మాత్రం ఎవరూ అడగరు. శివరాత్రికి ఒక ఊరికి వేలమంది వస్తే వాళ్ళ మలమూత్రాలు ఏ గుంతలో పడతాయి, ఆ గుంత నిండితే ఎవరు ఎత్తుతారు, ఎత్తింది యాడ పారబోస్తారు? ఇది ఒక్క మహానంది ప్రశ్న కాదు. ప్రతి పుణ్యక్షేత్రానికీ, ప్రతి పట్నానికీ ఉన్న ప్రశ్న. జవాబు మనకు తెలుసు. ఎత్తేది మన చేతులు. పారేది మన గేరి వైపు. ఊరు కట్టిన తీరే అట్లా ఉంది. పైన ఊరు, పల్లాన మాలగేరి, మాదిగగేరి. నీళ్ళు పల్లానికే పారుతాయి గదా అని ఇంజనీరు చెప్తాడు. పల్లాన మనల్ని ఎవరు పెట్టినారో మాత్రం చెప్పడు.

మా చిన్నాయన కాగితం

మా ఇంట్లో మొదట బడి మెట్టు ఎక్కింది మేమే. మా జేజినాయన చచ్చిన గొడ్లను ఎత్తినాడు. మా నాయన కూలికి పోయినాడు. మా చిన్నాయన 'ఈ ఎత్తే పని నాతో పోవల్ల' అని పట్నం పోయినాడు. పట్నంలో ఆయనకు దొరికింది కూడా ఎత్తే పనే. పగలు మోరీలు, రాత్రి లెట్రిన్ గుంతలు.

1996 ఎండాకాలం. ఒక లాడ్జి వెనక గుంత నిండింది. పగలు చేస్తే దిగినోళ్ళు ముక్కు మూసుకుంటారని రాత్రి పది గంటలకు పిలిపించినారు. రాష్ట్రంలో మద్యనిషేధం ఉన్న రోజులవి. అయినా ఆ పనికి మాత్రం సారా దొరికింది. వాసన తెలీకుండా తాగించినారు. నడుముకు తాడు కూడా లేకుండా చిన్నాయన దిగినాడు. రెండు బకెట్లు పైకి అందించినాడంట. మూడోది రాలేదు. పైన ఉన్న తోటి కూలాయన 'ఏమప్పా' అని తొంగి చూసి, ఎత్తుదామని తానూ దిగినాడు. ఆయనా పైకి రాలేదు.

తెల్లారేలోగా శవం ఊరికి చేరింది. కేసు లేదు, పోస్టుమార్టం లేదు. మా పెద్దలు అయిదు వేలు తీసుకొని వేలిముద్ర వేసినారు. ఆ కాగితంలో ఏముందో చదవమని మా చేతికి ఇచ్చినారు. ఇంట్లో చదువు వచ్చింది మా ఒక్కరికే గదా. 'కాలు జారి పడి చనిపోయినాడు, ఎవరి మీదా మాకు అనుమానం లేదు' అని రాసి ఉంది. మేము గట్టిగా చదివి వినిపించినాం. అంతే, ఊరుకున్నాం. పదైదేండ్ల పిల్లోనికి అంతకంటే ఏం తెలుసు అని మీరు అనవచ్చు. కానీ చదువు వచ్చి కూడా ఆ కాగితాన్ని ఆపలేకపోయినామనే మాట మమ్మల్ని ఇప్పటికీ వదల్లేదు.

ఆ గుంతలో ఏం జరిగిందో మాకు డిగ్రీలో సైన్సు చదివినాక తెలిసింది. మీరూ తెలుసుకోండి. ఇది ప్రాణం నిలబెట్టే సంగతి. మూత వేసిన గుంతలో మలం కుళ్ళితే హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు పుడుతుంది. గాలికంటే బరువు కాబట్టి అడుగునే ఉంటుంది. కొంచెముంటే కుళ్ళిన కోడిగుడ్డు వాసన వస్తుంది. ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసనే తెలీదు. వాసన పోయింది గదా, ఏం కాదులే అనుకున్నప్పుడే అసలు ప్రమాదం. రెండు మూడు ఊపిర్లకే మనిషి పడిపోవచ్చు. పడినోన్ని ఎత్తడానికి దిగినోడు కూడా పడిపోతాడు. అందుకే ఈ చావులు ఒక్కటిగా రావు, జంటగా వస్తాయి. గాలి ఉందో లేదో చూద్దామని అగ్గిపుల్ల గీయొద్దు. లోపల మీథేన్ ఉంటే అంటుకుంటుంది. ఎవరన్నా పడిపోతే వెనకాల దూకొద్దు. 101కు, 108కు ఫోన్ చేయండి. ఊపిరి సిలిండరు ఉన్నోడే దిగాల.

2015 నవంబరులో కేరళలోని కోళికోడులో మన రాష్ట్రం నుంచి వలసపోయిన ఇద్దరు కూలీలు మ్యాన్‌హోల్లో పడిపోయినారు. దారిన పోయే ఒక ముస్లిం ఆటో డ్రైవరు చూసి, కాపాడదామని దిగినాడు. ముగ్గురూ చనిపోయినారు. ఆ డ్రైవరన్నకు మన ఉద్యమం చేతులెత్తి మొక్కాల. ఇంకొకడు అట్లా దూకాల్సిన అవసరం లేకుండా చేయడమే ఆయనకు నివాళి.

చట్టంలో మనకేముంది

మనుషుల చేత మలం ఎత్తించడాన్ని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం వచ్చింది. అది కాగితం మీదే ఉండిపోయింది. దాన్ని కోర్టుకు ఈడ్చింది మన మనిషే. బెజవాడ విల్సన్ కర్ణాటకలో కోలారు బంగారు గనుల దగ్గర తెలుగు దళిత కుటుంబంలో పుట్టినాడు. ఆయన ఇంటివాళ్ళు గనుల కాలనీలో పాకీదొడ్లు ఎత్తినోళ్ళు. భూమిలోంచి బంగారం తీసే ఊర్లో మన తెలుగోళ్ళు తలమీద మలం మోసినారు. విల్సన్ ఆంధ్రాకు వచ్చి, ఎస్.ఆర్. శంకరన్ గారి వంటి పెద్దల తోడుతో సఫాయి కర్మచారి ఆందోళన్‌ను నిలబెట్టినాడు. ఆ సంస్థ 2003లో సుప్రీంకోర్టుకు పోయింది. 2013లో కొత్త చట్టం వచ్చింది. 2014 మార్చి 27న తీర్పు వచ్చింది. 1993 నుంచి మురుగు కాలువల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో చనిపోయిన ప్రతి ఒక్కరి కుటుంబానికీ పది లక్షలు ఇవ్వాలని కోర్టు చెప్పింది. 2023 అక్టోబరు 20న ఇంకో తీర్పులో ఆ మొత్తాన్ని ముప్పై లక్షలు చేసింది.

2014 తీర్పు తర్వాత మేము మా చిన్నమ్మను వెంటబెట్టుకొని ఒక ఆఫీసుకు పోయినాం. ఎఫ్.ఐ.ఆర్. నంబరు అడిగినారు, లేదు. పోస్టుమార్టం రిపోర్టు అడిగినారు, లేదు. మా దగ్గర ఉన్నది ఆ వేలిముద్ర కాగితం నకలు ఒక్కటే. అది మాకే ఎదురు సాక్ష్యం. చిన్నమ్మ ఆ ఆఫీసు మెట్లమీద కూర్చొని, "ఆ పొద్దు నువ్వే గదప్పా చదివింది" అనింది. తప్పు పట్టి అనలేదు, గుర్తు చేసుకొని అనింది. అన్నలారా, అందుకే చెప్తున్నాం. గుంతలో మనిషి పోతే శవాన్ని కదలనీయొద్దు. ఎఫ్.ఐ.ఆర్., పోస్టుమార్టం లేకుండా పాడె కట్టొద్దు. రాజీ కాగితం మీద వేలు పెట్టొద్దు.

2013 చట్టం ప్రకారం, రక్షణ సామాను లేకుండా మనిషిని మురుగు కాలువలోకో సెప్టిక్ ట్యాంకులోకో దింపడమే నేరం. చావు జరగనక్కర లేదు. మొదటిసారికి రెండేళ్ళ దాకా జైలు గానీ, రెండు లక్షల దాకా జరిమానా గానీ, రెండూ గానీ వేయవచ్చు. 2025 జనవరి 29న సుప్రీంకోర్టు హైదరాబాదుతో కలిపి ఆరు మహానగరాల్లో మనుషుల్ని దింపి మురుగు తీయించడం ఆపమని ఉత్తర్వు ఇచ్చింది. ఇన్ని ఉన్నా, 2019 నుంచి 2023 దాకా అయిదేండ్లలో 377 మంది ఈ పనిలో చనిపోయినారని ప్రభుత్వమే పార్లమెంటులో చెప్పింది. 2024లో బయటికొచ్చిన ప్రభుత్వ సర్వే లెక్కలో, ఈ పని చేస్తున్న దాదాపు 38,000 మందిలో నూటికి అరవై తొమ్మిది మంది దళితులు. మురుగుకు కులం లేదనేవాళ్ళకు ఈ అంకె చూపించండి.

మురుగు దింపడం ఒక హింస. మురుగును మన మీదికి వదలడం ఇంకో హింస. కారంచేడు ఎట్లా మొదలైంది? 1985 జూలైలో మాదిగలు తాగే చెరువులో మురికి కలపొద్దన్నందుకు మొదలైంది. నీళ్ళు పట్టుకొనేదానికి వచ్చిన సువార్తమ్మ బిందె ఎత్తి ఎదురు నిలిచింది. మర్నాడు, జూలై 17న, ఆరుగురిని చంపినారు. అంటే మన ఉద్యమానికి పుట్టుకే మురికినీళ్ళ తగాదా. 1989 అత్యాచారాల నిరోధక చట్టంలో దళితులు వాడుకునే నీటిని పాడుచేయడం నేరమని రాసినారు. 2015లో ఆ చట్టాన్ని సవరించినారు. దళితుల ఇంట్లో గానీ గుమ్మం ముందర గానీ మలం, మురుగు పడేయడం నేరమని అందులో ఉంది. దళితుల చేత మలం ఎత్తించడం కూడా అదే చట్టం కింద నేరం. రాత్రిపూట సెప్టిక్ ట్యాంకు లారీలు వచ్చి మన గేరి పక్క వంకలో కుమ్మరించి పోతాయే, ఆ లారీ నంబరు రాసుకోండి. ఫోటో తీయండి. అది మున్సిపాలిటీ ఫిర్యాదుతో ఆగిపోయే సంగతి కాదు, ఈ చట్టం కింద కేసు అడగాల్సిన సంగతి.

లెక్క చేద్దాం

ఇప్పుడు నీళ్ళ లెక్కకు వద్దాం. మా ఎనిమిదో తరగతి పిల్లలు బోర్డు మీద చేసిన లెక్క ఇది. మురుగు కాలువలున్న పట్నంలో మనిషికి దినానికి 135 లీటర్ల నీళ్ళివ్వాలని కేంద్రం లెక్క. అందులో నూటికి ఎనభై పాళ్ళు వాడిన నీళ్ళుగా బయటికి వస్తాయని కూడా లెక్క. 2011 జనాభా లెక్కల్లో నంద్యాల పట్నం జనం సుమారు రెండు లక్షలు. అంటే 135ను రెండు లక్షలతో పెంచి, అందులో ఎనభై శాతం తీస్తే దినానికి 2 కోట్ల 16 లక్షల లీటర్ల మురుగు. ఆరుతడి పంటకు దినానికి అయిదు మిల్లీమీటర్ల నీళ్ళు అనుకుంటే ఎకరాకు సుమారు ఇరవై వేల లీటర్లు. భాగించి చూడండి. వెయ్యి ఎకరాలు దాటుతుంది. ఏడాది పొడుగునా, వాన రాకున్నా. ఒక్క నంద్యాల మోరీల్లోనే ఇంత ఉంది. కర్నూలు, ప్రొద్దుటూరు, కడప కలుపుకుంటే ఎంతవుతుందో మీరే లెక్క కట్టండి.

ఇప్పుడా నీళ్ళు ఏమవుతున్నాయి? నంద్యాల వంకలు కడకు కుందూలో కలుస్తాయి. కుందూ కోయిలకుంట్ల మీదుగా కడప జిల్లాలోకి దిగి, కమలాపురం దగ్గర పెన్నలో కలుస్తుంది. దారి పొడుగునా పల్లెలున్నాయి, గొడ్లున్నాయి, ఏటి ఒడ్డు బావులున్నాయి. కర్నూల్లో శుద్ధి కాకుండా పోయే మురుగు హంద్రీ, తుంగభద్రల్లో పడి సంగమేశ్వరం దగ్గర కృష్ణలోకి చేరుతుంది. అక్కడ ఉన్నది శ్రీశైలం జలాశయం. ఆ జలాశయం నుంచే పోతిరెడ్డిపాడు ద్వారా మన సీమ కాల్వలకు నీళ్ళు వస్తాయి. చూసినారా? మురుగునీళ్ళు మళ్ళీ వాడుకోవడం కొత్త పథకమేం కాదు. ఇప్పటికే వాడుతున్నాం. శుద్ధి చేయకుండా, చెప్పకుండా, పల్లాన ఉన్నోని నోట్లో పోస్తున్నారు. పైనోనికి ఫిల్టరు ఉంటుంది, క్యాను నీళ్ళుంటాయి.

2021లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన లెక్క చూడండి. దేశంలోని పట్నాల నుంచి దినానికి 7,236 కోట్ల లీటర్ల మురుగు పుడుతుంది. నిజంగా శుద్ధి అయ్యేది 2,023 కోట్ల లీటర్లు. పదిలో మూడు పాళ్ళు కూడా లేదు. శుద్ధి కేంద్రాలు కట్టింది మాత్రం 3,184 కోట్ల లీటర్లకు. అంటే కట్టినవి కూడా పూర్తిగా నడవట్లేదు. మురుగు కాలువలు ఇళ్ళకు కలపకుండా శుద్ధి కేంద్రం కడితే ఇట్లాగే అవుతుంది. వంట వండడానికి పొయ్యి పెట్టినారు, గింజలు మాత్రం తేలేదు. కాంట్రాక్టరుకు బిల్లు వచ్చింది, కుందూకు మురుగు పోయింది.

శుద్ధి అంటే ఏంది?

శుద్ధి అనే మాట వింటే మనకు ఒళ్ళు మండుతుంది. ఎందుకంటే ఆ మాటతోనే మనల్ని కొట్టినారు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ అంబేద్కర్ మహద్‌లో చవదార్ చెరువు నీళ్ళు దోసిట్లో తీసుకొని తాగినాడు. మన జనం తాగినారు. తర్వాత అగ్రకులాలు ఆ చెరువును శుద్ధి చేసినాయి. దేంతో? ఆవు పేడ, ఆవు పంచితం, పాలు, పెరుగు కుండలతో పోసి. మేము సైన్సు చెప్పే అయ్యవార్లం. తాగే చెరువులో పేడ, పంచితం కలిపితే దాన్ని ఏమంటారో మా ఎనిమిదో తరగతి పిల్లోన్ని అడిగినా చెప్తాడు. ఆ పొద్దు చెరువును మైల చేసింది ఎవరో దాన్నిబట్టి తెలుసుకోండి.

మనకు కావలసిన శుద్ధి కొలిచి చూడగలిగేది. ముందు జల్లెడల్లో గుడ్డలు, ప్లాస్టిక్ ఆపుతారు. తర్వాత ఇసుక దించుతారు. పెద్ద తొట్లలో మడ్డి తేరుకుంటుంది. ఇంకో తొట్టిలో గాలి ఊదుతారు. ఆ గాలికి కంటికి కనపడని సూక్ష్మజీవులు పెరిగి మలినాన్ని తింటాయి. మళ్ళీ తేర్చి, క్లోరిన్ కలిపి వదులుతారు. కరెంటు పోతే గాలి ఊదడం ఆగుతుంది, సూక్ష్మజీవులు చస్తాయి. అందుకే కట్టడం కంటే నడపడం కష్టం. చిన్న ఊళ్ళకు ఇంకో దారి ఉంది. లోతు తక్కువ గుంతల్లో మురుగును కొన్ని వారాలు నిలబెడితే ఎండా, నాచూ ఆ పని చేస్తాయి. కరెంటు ఖర్చు తక్కువ, భూమి ఎక్కువ కావాల. ఆ భూమి కోసం మొదట మన అసైన్డ్ పట్టాల మీదే కన్ను పడుతుంది. జాగ్రత్త.

శుద్ధి అయిందో లేదో ఎట్లా తెలుసుకోవాల? నీళ్ళు తేటగా కనపడితే చాలదు. మలినం కుళ్ళడానికి ఎంత ఆక్సిజన్ లాగుతుందో చెప్పే లెక్క ఒకటుంది. దాన్ని బి.ఓ.డి. అంటారు. మహానగరాలు కాని చోట్ల శుద్ధి కేంద్రం వదిలే నీళ్ళలో అది లీటరుకు 30 మిల్లీగ్రాములు మించకూడదని 2017లో కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. పొలానికి పారించే నీళ్ళలో నులిపురుగు గుడ్డు లీటరుకు ఒకటికి మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఈ రెండూ గుర్తు పెట్టుకోండి. ఆ గుడ్లు ఎవరి కాళ్ళకు అంటుతాయి? మడిలో చెప్పుల్లేకుండా దిగే కూలోళ్ళకు. హైదరాబాదు కింద మూసీ ఆయకట్టులో మురుగు నీళ్ళతో ఏండ్ల తరబడి వరి, గడ్డి పండించినారు. పట్నం పాలు తాగింది, బియ్యం తినింది. పుండ్లు పడిన కాళ్ళు కూలోళ్ళవి.

ఎవరి పొలానికి?

అసలు మాటకు వచ్చినాం. మురుగుకు ఇప్పుడు ధర వచ్చింది. ఇజ్రాయెల్ దేశం తన మురుగులో పదింట తొమ్మిది పాళ్ళకు దగ్గరగా శుద్ధి చేసి సేద్యానికి వాడుతుంది. చెన్నైలో 2019 నుంచి రెండు కేంద్రాల్లో దినానికి నాలుగున్నర కోట్ల లీటర్ల చొప్పున మురుగును బాగా శుద్ధి చేసి ఫ్యాక్టరీలకు అమ్ముతున్నారు. మైల అన్నప్పుడు మన నెత్తిన పెట్టినారు, సరుకు అయినాక బజారులో పెట్టినారు.

మనకు దగ్గరి ఉదాహరణ కోలారు. మన సీమలాగే ఎండిన జిల్లా, తెలుగు మాట్లాడే జనం ఎక్కువ. విల్సన్ పుట్టిన జిల్లా. 2018 జూన్‌లో బెంగళూరు మురుగును రెండు దశల్లో శుద్ధి చేసి పైపుల్లో కోలారు చెరువులకు ఎత్తిపోయడం మొదలుపెట్టినారు. దినానికి 44 కోట్ల లీటర్లు, 126 చెరువులు అని పథకం. మొదటి నెలల్లోనే ఒక చెరువులో నురగ లేచింది. మూడో దశ శుద్ధి కూడా చేయాలని రైతులు కోర్టుకు పోయినారు. ఎండిన చెరువులు నిండినాయి, అది నిజం. మంచిని మంచి అనాల. కానీ ఆ పథకంలో చెరువు నీళ్ళు నేరుగా తోడుకోకూడదు. భూమిలోకి ఇంకాల, బోర్లలో పైకి రావాల. ఇప్పుడు మీరే చెప్పండి, బోరు ఎవరికుంది? భూమి ఉన్నోనికి. భూమి లేని కూలోనికి చెరువు నిండినా ఆ నీళ్ళలో పాలు లేదు. కట్ట మీద నిలబడి చూడడానికి మాత్రం అడ్డం లేదు.

మన జిల్లాలో ఆ తప్పు జరగకూడదు. బాబాసాహెబ్ వైస్రాయి కౌన్సిల్లో కార్మిక సభ్యుడుగా ఉన్న 1942-46 మధ్య దేశంలోని నదులూ, కరెంటూ ఆయన చేతుల మీదుగా ప్లాను అయినాయి. దామోదర్ లోయ పథకం ఆయన వేసిన పునాదే. నీళ్ళ ప్లాను ఇంజనీర్ల పని, మనకెందుకు అనే మాట ఆయన బిడ్డలం మనం అనగూడదు. అందుకే మా మాట ఇది.

ఒకటి, గుంతలోకీ మ్యాన్‌హోల్లోకీ మనిషి దిగడం బంద్. యంత్రాలు దిగాల. ఆ యంత్రాలు ఈ పని చేసినోళ్ళ పేరు మీద ఉండాల. హైదరాబాదులో 2017లో 70 చిన్న జెట్టింగ్ బండ్లు దళితుల సొంతానికి ఇప్పించి, జలమండలి అద్దెకు తీసుకుంది. అక్కడ అయింది ఇక్కడ ఎందుకు కాదు?

రెండు, మురుగు కాలువ ప్లాను గీసేటప్పుడు మన గేరి మొదట ఉండాల. ఇప్పటిదాకా అన్ని పైపులూ మన గేరి దగ్గరికి వచ్చి ఆగినాయి, మన ఇండ్లు మాత్రం ఆ పైపుకు కలవలేదు.

మూడు, శుద్ధి కేంద్రం కోసం అసైన్డ్ భూమి లాక్కోకూడదు. అక్కడ పక్కా ఉద్యోగాలు మురుగు ఎత్తిన కుటుంబాల చదువుకున్న పిల్లలకే ఇవ్వాల. తండ్రి దిగిన చోట బిడ్డ ల్యాబులో నిలబడాల.

నాలుగు, ప్రతి నెలా బి.ఓ.డి. లెక్క గేటు ముందు బోర్డు మీద తెలుగులో రాయాల. రాయకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. పది రూపాయల పని.

అయిదు, ఇది అన్నింటికంటే ముఖ్యం. శుద్ధి అయిన నీళ్ళలో మొదటి వాటా ఆ మురుగు వాసన మోసిన గేరి భూములకు. మెట్టమీద ఎండిపోతున్న మన అసైన్డ్ పొలాలకు పైపు వేయాల. పెద్ద రైతు తోటకు తర్వాత. భూమి లేనోనికి ముందు భూమి ఇవ్వాల.

ఇవి ఒక్క దినంలో రావు. కానీ రేపు పొద్దున మొదలుపెట్టగలిగే పని ఉంది. మీ ఊరికి పోయి ఒక తెల్ల కాగితం తీసుకోండి. ఊరి పటం గీయండి. మోరీ యాడ పుడుతుంది, ఏ ఇంటి ముందర పారుతుంది, యాడ ఆగుతుంది, బోరింగు దానికి ఎంత దూరం అన్నీ గుర్తు పెట్టండి. గుంతల్లో చనిపోయినోళ్ళ పేర్లు, సంవత్సరం, చూసిన సాక్షులు వెనక రాయండి. బడికి పోయే పిల్లల్ని కూర్చోబెట్టుకొని రాయించండి. ఆ కాగితాలన్నీ వచ్చే సమావేశానికి తేవాల.

మా ఇంట్లో ఒక కాగితం ఉంది. అది వాళ్ళు రాసి, మా చేత చదివించింది. ఇకమీదట కాగితం మనం రాయాల, వాళ్ళ చేత చదివించాల.

జై భీమ్!